సాగుతోందా, సాగదీస్తున్నారా? తిరిగొచ్చిన క్విజ్ షో మీద గొడవంతా దేనికి

కొన్నేళ్ల విరామం తర్వాత పాత క్విజ్ షో ఏదైనా మళ్లీ మొదలైందంటే, మొదటి వారం గడవకముందే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "మరీ సాగదీస్తున్నారు." రెండోది, "ఆవిడకి అంత తేలికైన ప్రశ్నా, ఇతనికి ఇంత కష్టమైనదా? ఇదేం న్యాయం?" విశాఖలో ఈ రెండూ వేర్వేరు చోట్ల పుడతాయి. గాజువాక, ఉక్కునగరం వైపు రిటైరైనవాళ్ల ఇళ్లలో భోజనాల వేళ "ఏటండీ, ఒక్క ప్రశ్నకి ఇంతసేపా" అన్న విసుగు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదువుకునే కుర్రాళ్ల టీ కబుర్లలో రెండో ఫిర్యాదు. వాళ్లు రోజూ మాక్ టెస్టులు రాసేవాళ్లు. మార్కు ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో లెక్క తేలకపోతే ఊరుకోరు.

ఇవి రెండు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. కాస్త లోపలికి వెళ్తే చాలావరకు ఒక్కటే. షోకి దొరికేది రోజుకో గంట. ఆ గంటని హాట్ సీట్లో కూర్చున్న మనిషి, ఆ సీటు కోసం పక్కన ఎదురుచూస్తున్నవాళ్లు, ఇంట్లో చూస్తున్నవాళ్లు పంచుకోవాలి. ఒకరికి నిమిషం ఎక్కువిస్తే ఇంకొకరికి తగ్గుతుంది. వేగం గురించి తీసుకునే ప్రతి నిర్ణయమూ న్యాయం గురించిన నిర్ణయమే అవుతుంది.

## తిరిగి వచ్చేది పేరే, నియమాలు కావు

మనకు బాగా తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. నాగార్జున హోస్ట్‌గా 2014లో మా టీవీలో "మీలో ఎవరు కోటీశ్వరుడు" మొదలైంది. 2017లో చిరంజీవి ఒక సీజన్ నడిపారు. తర్వాత నాలుగేళ్లు చడీచప్పుడు లేదు. 2021 ఆగస్టులో ఛానల్ మారి, పేరులో మాటలు అటూఇటూ అయి, జెమినీ టీవీలో "ఎవరు మీలో కోటీశ్వరులు"గా జూనియర్ ఎన్టీఆర్‌తో తిరిగొచ్చింది. ఆ ఏడాది నవంబరులో తెలంగాణకు చెందిన ఒక పోలీసు ఎస్సై కోటి రూపాయలు గెలిచారు.

ఈ షోలన్నిటికీ మూలం బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్ 1998 సెప్టెంబరులో మొదలుపెట్టిన "హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్". హిందీలో అమితాబ్ బచ్చన్‌తో "కౌన్ బనేగా కరోడ్‌పతి" 2000 జులైలో వచ్చింది. అదే చట్రం, అవే నాలుగు ఆప్షన్లు, అవే లైఫ్‌లైన్లు (జవాబు తెలియనప్పుడు వాడుకునే సాయాలు) అనుకుంటాం గానీ, తిరిగొచ్చిన ప్రతిసారీ లోపల ఏదో ఒకటి మారుతూనే ఉంది. బ్రిటన్ షోనే తీసుకోండి. 2007లో పదిహేను ప్రశ్నల్ని పన్నెండుకు తగ్గించారు. 2010లో జవాబుకు గడువు విధించే గడియారం పెట్టారు. 2014లో షో ఆగిపోయింది. 2018లో జెరెమీ క్లార్క్‌సన్‌తో మళ్లీ వచ్చినప్పుడు గడియారం తీసేసి, పదిహేను ప్రశ్నలూ వెనక్కి తెచ్చారు. హోస్ట్‌నే సాయం అడిగే కొత్త లైఫ్‌లైన్ చేర్చారు. రెండో సేఫ్ మెట్టు ఎక్కడ పెట్టుకోవాలో కంటెస్టెంటే తేల్చుకునేలా చేశారు. (తప్పు చెప్పినా ఏ మొత్తం కంటే కిందికి పడిపోరో అది సేఫ్ మెట్టు.)

"పాత షోలా లేదు" అనే అభిమానికి నిజంగానే ఒక పాయింటు ఉంది. అయితే వాళ్లు తలుచుకునే పాత షో ఏ సంవత్సరపుది అన్నది వేరే ప్రశ్న. చాలామందికి అది హర్షవర్ధన్ నవాథే కోటి గెలిచిన 2000 నాటి తొలి సీజన్. గడియారమే లేని సీజన్. ఇప్పటి షోలో ప్రశ్న వేగంగా నడుస్తుంది, మిగతాదంతా నెమ్మదిగా నడుస్తుంది. అప్పట్లో ప్రశ్నే నెమ్మదిగా నడిచేది. నాకైతే ఈ తేడాయే అసలు చికాకుకు మూలం అనిపిస్తుంది.

## ఒక గంటలో ఎన్ని ప్రశ్నలు పడతాయి

మన దేశంలో కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకి ప్రకటనలు పన్నెండు నిమిషాలు మించకూడదు. ఆ లెక్కన షోకి మిగిలేది 48 నిమిషాలు. అందులో హోస్ట్ పలకరింపు, హాట్ సీట్ ఎవరికో తేల్చే ఫాస్టెస్ట్ ఫింగర్ రౌండు, కంటెస్టెంట్ ఊరూ ఇల్లూ కష్టాలూ చూపించే "ఏవీ" (చిన్న వీడియో) కలిపి పది నిమిషాలు అనుకుందాం. అసలు ఆటకు 38 నిమిషాలు మిగిలాయి.

ఇక్కడినుంచి అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. ప్రశ్నకి రెండున్నర నిమిషాలు పడితే ఎపిసోడ్‌కి పదిహేను ప్రశ్నలు. నాలుగు నిమిషాలు పడితే తొమ్మిదిన్నర. సీజన్‌కి 60 ఎపిసోడ్లు అనుకుంటే మొదటి పద్ధతిలో దాదాపు 910, రెండో పద్ధతిలో 570. ఒక్కో కంటెస్టెంట్ సగటున పది ప్రశ్నలు ఆడతారనుకుంటే, మొదటి పద్ధతిలో 91 మంది సీటెక్కుతారు, రెండో పద్ధతిలో 57 మంది. ప్రశ్నకు తొంభై సెకన్లు అదనంగా లాగినందుకు సీజన్ మొత్తం మీద 34 మందికి అవకాశం పోయింది.

సాగదీత న్యాయం విషయంగా మారేది ఇక్కడే. ఇంట్లో చూసేవాడికి పోయేది ఓపిక. ఫాస్టెస్ట్ ఫింగర్ వరకూ వచ్చి, స్టూడియోలో పక్కన కూర్చుని, సీటు ఖాళీ కాక తిరిగి వెళ్లినవాళ్లకు పోయేది మళ్లీ రాని అవకాశం.

ఎదుటివైపు వాదన కూడా బలమైనదే. ఆ ఏవీ తీసేస్తే షోలో మిగిలేది జనరల్ నాలెడ్జ్ బిట్ పేపర్. శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచర్ 3,20,000 రూపాయల ప్రశ్న దగ్గర ఆగితే మనకు టెన్షన్ ఎందుకు పుడుతుంది? ఆ డబ్బు ఆవిడకు ఎందుకు కావాలో అంతకుముందు చూశాం కాబట్టి. ఛానల్‌వాళ్ల లెక్క కూడా ఇదే. జవాబులు చూడ్డానికి జనం రారు, మనిషిని చూడ్డానికి వస్తారు. దీన్ని కొట్టిపారేయలేం. అభిమానుల్లో ఎక్కువమందికి కోపం తెప్పించేది ఆ ఏవీ వీడియో కాదు కూడా. జవాబు లాక్ చేశాక, సరైనదో కాదో చెప్పే ముందు వచ్చే బ్రేక్. అక్కడ మనిషి గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు, ఆటలో కదలికా లేదు. ఆ ఆలస్యంతో లాభపడేది ప్రకటనలే.

## వేగం కోసం అబద్ధమాడిన షో

ఇలాంటి షోల చరిత్రలో అతి పెద్ద మోసం పుట్టింది కూడా "బోర్ కొడుతోంది" అన్న మాటలోంచే. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ 1956లో "ట్వంటీ వన్" అనే క్విజ్ మొదలుపెట్టింది. మొదటి ఎపిసోడ్ నిజాయితీగానే నడిచింది. ఇద్దరు పోటీదారులూ ప్రశ్న తర్వాత ప్రశ్న తప్పు చెప్పుకుంటూ పోయారు. చూడలేకపోయారు జనం. ఖర్చు పెట్టిన స్పాన్సర్ మండిపడ్డాడు. నిర్మాత డాన్ ఎన్‌రైట్ ఆ తర్వాతి నుంచి జవాబులు ముందే చెప్పించి, ఎవరు ఎప్పుడు గెలవాలో, ఎక్కడ తడబడాలో, ఎప్పుడు చెమట తుడుచుకోవాలో కూడా నేర్పించాడు. హెర్బర్ట్ స్టెంపెల్ అనే విజేత మీద జనానికి మొహం మొత్తిందనిపించగానే, అతనికి బాగా తెలిసిన జవాబునే తప్పు చెప్పమన్నారు. చార్లెస్ వాన్ డోరెన్ అనే అందగాడైన అధ్యాపకుడు గెలిచాడు, దేశమంతా మెచ్చుకుంది. 1959లో అమెరికన్ కాంగ్రెస్ విచారణలో అతనే నిజం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది, పోటీగా చూపించే క్విజ్‌ను ముందే కుదుర్చుకోవడం నేరమని చట్టం చేశారు.

ఇప్పటి మన షోలు అలా నడుస్తున్నాయని చెప్పడానికి కాదు ఇది. అంతా ముందే రికార్డు చేస్తారు కాబట్టి అంతా స్క్రిప్టే అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రికార్డింగ్ వల్ల మేలు జరిగిన సంగతీ ఉంది. 2001లో బ్రిటన్ షోలో చార్లెస్ ఇన్‌గ్రమ్ అనే సైనికాధికారి పది లక్షల పౌండ్లు గెలిచాడు. ప్రసారానికి ముందే టేపులు చూస్తే, సరైన ఆప్షన్ పలికినప్పుడల్లా స్టూడియోలో ఒకరు దగ్గుతున్నట్టు తేలింది. డబ్బు ఆపేశారు. 2003లో కోర్టు శిక్ష వేసింది. ప్రత్యక్ష ప్రసారమైతే ఆ డబ్బు ఇచ్చేసేవారేమో.

ట్వంటీ వన్ కథలో మనకు పనికొచ్చేది ఒకటుంది. నిజమైన జ్ఞానం చూడ్డానికి నెమ్మదిగా, గజిబిజిగా ఉంటుంది. మనిషి గుర్తు తెచ్చుకోవడానికి టైం పడుతుంది, ఒక్కోసారి గుర్తురాదు కూడా. ప్రతి ఎపిసోడ్ ఒకే బిగువుతో ఉండాలని మనం కోరుకున్నప్పుడు, అడుగుతున్నది ఆటను కాదు, కథను.

## గడియారం ఎవరి చుట్టం

సాగదీతకు అందరికీ ముందు తోచే మందు గడియారం. హిందీ షోలో ఇటీవలి సీజన్లలో మొదటి ఐదు ప్రశ్నలకు 45 సెకన్లు, తర్వాతి ఐదింటికి 60 సెకన్లు, పదకొండో ప్రశ్న నుంచి ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. "మిలియనీర్" అమెరికా రూపం 2008లో ఇంకా బిగించింది. మొదటి ఐదింటికి 15 సెకన్లు, తర్వాతి ఐదింటికి 30, ఆపై నాలుగింటికి 45. త్వరగా చెప్పి మిగిల్చుకున్న సెకన్లన్నీ చివరి ప్రశ్నకు జమ. జనానికి అది అంతగా రుచించలేదు. 2010లో దాన్నీ పక్కన పెట్టి వేరే పద్ధతికి వెళ్లారు.

గడియారం అందరికీ ఒకే టైం ఇస్తుంది కాబట్టి న్యాయమైనదనే వాదన వినడానికి బాగుంటుంది. ఇద్దరు కంటెస్టెంట్లను ఊహించుకుందాం. ఒకతను మధురవాడలో ఐటీ ఉద్యోగి, రోజంతా తెర మీద చదివేవాడు. ఇంకొకరు భీమిలిలో చిన్న కిరాణా కొట్టు నడిపే యాభై ఐదేళ్ల మనిషి, పేపరు అక్షరం వదలకుండా చదువుతారు గానీ నింపాదిగా. "ఈ కిందివాటిలో ఏది శ్రీకాకుళం జిల్లాలో లేదు" అని అడిగి అరసవల్లి, శ్రీకూర్మం, సింహాచలం, శ్రీముఖలింగం అని ఇచ్చారు. ఇద్దరికీ జవాబు తెలుసు. మొదటివాడికి చదివి, అర్థం చేసుకుని, చెప్పడానికి పన్నెండు సెకన్లు చాలు. రెండో ఆయన నాలుగు పేర్లూ ఒక్కొక్కటిగా మనసులో తిప్పి చూసుకుని, "లేదు" అన్న మాటను మళ్లీ చదివి చెప్తారు. ముప్ఫై సెకన్లు. 45 సెకన్ల గడియారంలో ఇద్దరూ ఒడ్డునపడతారు. 15 సెకన్ల గడియారంలో ఒకరు ఇంటికి వెళ్తారు. అప్పుడు ఆ షో కొలిచింది జ్ఞానాన్నా, చదివే వేగాన్నా?

ఫాస్టెస్ట్ ఫింగర్‌లో ఈ సమస్య ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. నాలుగు విషయాల్ని వరసలో పెట్టే ఆ రౌండ్లో సెకనులో వందో వంతు కూడా లెక్కే. తెలిసినవాళ్లు నలుగురుంటే సీటు దక్కేది వేలు చురుకైనవాడికి. వయసు మళ్లినవాళ్లు హాట్ సీట్లో తక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణమని అభిమానులు చాలాకాలంగా అంటున్నారు, నాకూ అది సబబైన అనుమానమే అనిపిస్తుంది. దానికి జవాబుగా షోవాళ్లు చెప్పగలిగేదీ ఉంది. పదిమందిలో ఒకరిని ఎంచడానికి అరనిమిషంలో తేలే, ఎవరూ వేలెత్తి చూపలేని ఇంకో పద్ధతి ఏదో మీరే చెప్పండి అంటారు.

బజర్ ఆటల్లో ఇదే చిక్కును ఒక చిన్న మార్పుతో తీర్చిన షో ఉంది. అమెరికాలో "జెపర్డీ" 1984లో అలెక్స్ ట్రెబెక్‌తో తిరిగొచ్చినప్పుడు, ప్రశ్న తెర మీద పడగానే ఎవరైనా బజర్ నొక్కొచ్చు. దాంతో హోస్ట్ సగం చదివేలోపే బజర్లు మోగేవి. ఇంట్లో చూసేవాళ్లకు ప్రశ్న పూర్తిగా వినబడేది కాదు, ఇక వాళ్లు ఆడేదేముంది? ఏడాది తిరిగేసరికి నియమం మార్చారు. హోస్ట్ ప్రశ్న చదవడం పూర్తయ్యాకే బజర్ పనిచేస్తుంది. ముందే తొందరపడి నొక్కితే పావు సెకను పాటు అది మూగబోతుంది. ప్రశ్నకు రెండు మూడు సెకన్లు ఎక్కువ పట్టినా షో నెమ్మదించినట్టు ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే ఆ సెకన్లలో ఇంట్లోవాళ్లు కూడా ఆడుతున్నారు. ఆలస్యం దానంతటది విసుగు పుట్టించదు. ఆ ఆలస్యంలో మనకు చేయడానికి ఏమీ లేనప్పుడే విసుగు.

## నాకు నాగోబా, నీకు కురుసుర

రెండో ఫిర్యాదుకు వద్దాం. ఒకే స్థాయిలో ఉన్న రెండు ప్రశ్నలు నిజంగా ఒకే బరువున్నవా?

"విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి పేరేమిటి?" అని అడిగితే మన ఊళ్లో ఐదో తరగతి పిల్ల కూడా ఐఎన్‌ఎస్ కురుసుర అంటుంది. స్కూలు పిక్నిక్‌లో లోపలికి దూరి వచ్చి ఉంటుంది. అదే ప్రశ్న ఆదిలాబాద్ నుంచి వచ్చిన కంటెస్టెంట్‌కు పడితే ఫోన్ ఎ ఫ్రెండ్ వాడాల్సి రావచ్చు. తిరగేసి, "నాగోబా జాతర ఏ ఊళ్లో జరుగుతుంది?" అంటే అతను నిద్రలో లేపినా కేస్లాపూర్ అంటాడు. విశాఖవాడు తల గోక్కుంటాడు. ప్రశ్నల బ్యాంకు తయారుచేసేవాళ్లు రెండింటినీ "20,000 రూపాయల స్థాయి" అని పక్కపక్కనే పెట్టొచ్చు. ఏది ఎవరికి పడుతుందన్నది అదృష్టం.

గ్రంథాలయం దగ్గరి కుర్రాళ్లకు ఇది కొత్త విషయం కాదు. రైల్వే పరీక్ష చాలా షిఫ్టుల్లో జరిగితే, ఒక షిఫ్టు పేపరు కష్టంగా వచ్చిందని తర్వాత నార్మలైజేషన్ చేసి మార్కులు సరిచేస్తారు. ఆ సరిచేయడం మీద కూడా మళ్లీ తగాదాలే అనుకోండి. క్విజ్ షోలో అలాంటిదేమీ లేదు, ఉండే వీలూ లేదు. ఒక్కో ప్రశ్న ఒక్కరికే పడుతుంది. దాని కష్టాన్ని కొలవడానికి ఇంకెవరూ దాన్ని రాయరు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చేవి లైఫ్‌లైన్లే.

ఆడియన్స్ పోల్ ఎంత పనిచేస్తుందో ఒక లెక్క చూద్దాం. స్టూడియోలో వందమంది. జవాబు నిజంగా తెలిసినవాళ్లు ఇరవై మందే. మిగతా ఎనభై మంది గుడ్డిగా నొక్కితే ఒక్కో ఆప్షన్‌కి ఇరవై చొప్పున పడతాయి. సరైన ఆప్షన్‌కు నలభై, మిగతా మూడింటికీ ఇరవయ్యేసి. ఐదుగురిలో ఒక్కరికి తెలిసినా తెర మీద జవాబు ఎత్తుగా నిలబడి కనిపిస్తుంది. కురుసుర లాంటి ప్రశ్నకు అందుకే పోల్ చక్కగా పనికొస్తుంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. "1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏ ఊళ్లో ప్రారంభమైంది?" ఆప్షన్లు విశాఖపట్నం, విజయవాడ, రాజమండ్రి, అనంతపురం. సరైన జవాబు విజయవాడ. అప్పటి బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు తరలింది. ఇది గుడ్డిగా నొక్కే ప్రశ్న కాదు, తెలుసనుకుని తప్పు నొక్కే ప్రశ్న. వందమందిలో పదిహేను మందికి నిజం తెలుసు, నలభై ఐదు మంది ధీమాగా విశాఖ అంటారు, మిగిలిన నలభై మంది నాలుగు వైపులా పదేసి చొప్పున చీలతారు అనుకుందాం. విశాఖకు 55, విజయవాడకు 25. పోల్‌ను నమ్మినవాడు మునిగాడు. చిత్రమేమిటంటే ప్రేక్షకులు విశాఖవాళ్లే అయితే మునక ఇంకా లోతు.

ఈ ప్రశ్న అన్యాయమా? నా దృష్టిలో కాదు. సంవత్సరం ఇచ్చి, "ప్రారంభమైంది" అని స్పష్టంగా అడిగారు. అదే ప్రశ్నను "ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఏ నగరంలో స్థాపించారు?" అని సంవత్సరం లేకుండా వదిలేస్తే వాదనకు తావు దొరుకుతుంది. విశాఖ ప్రాంగణం పునాది గురించి అనుకున్నానండీ అనొచ్చు ఎవరైనా. కష్టమైన ప్రశ్నకూ అస్పష్టమైన ప్రశ్నకూ ఉన్న తేడా అదే. అభిమానులు ఈ రెండింటినీ తరచూ కలిపేసి తిడతారు.

అస్పష్టమైన ప్రశ్న వల్ల నష్టం జరిగితే షో ఏం చేయాలో చెప్పే ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 2006లో దాతృత్వం కోసం ఆడిన ఒక సెలబ్రిటీ జంటకు ఆఖరి ప్రశ్న పడింది. లాటిన్ నుంచి అనువదిస్తే అమెరికా జాతీయ నినాదం ఏమిటి అని. "ఇన్ గాడ్ వి ట్రస్ట్" అన్నారు, తప్పన్నారు. 5,00,000 పౌండ్ల నుంచి 32,000కు పడిపోయారు. కానీ అమెరికా అధికారిక నినాదం 1956 నుంచీ అదే, అది లాటిన్ కాదు, ఇంగ్లీషే. లాటిన్‌లో ఉన్నది వేరే పాత వాక్యం. ప్రశ్న సరిగా లేదని షోవాళ్లు ఒప్పుకుని, వాళ్లను మళ్లీ పిలిచి ఇంకో ప్రశ్న ఇచ్చారు. వాళ్లు దాన్ని ఆడకుండా 5,00,000తో తప్పుకున్నారు.

## "అంత దూరం వచ్చి వదిలేశాడేంటి?"

ఇంట్లో కూర్చుని తిట్టేవాళ్లకు ఇష్టమైన సందర్భం ఇంకోటి. కంటెస్టెంట్ పది నిమిషాలు ఆలోచించి, చివరికి ఆట ఆపేసి డబ్బు తీసుకుని వెళ్లిపోవడం. టైం తిన్నాడు, ధైర్యం చేయలేదు అని రెండు నేరాలూ అతని మీదే.

ఆ పది నిమిషాల్లో అతని తలలో నడిచే లెక్క ఏమిటి? హిందీ షోలో చాలా సీజన్లు వాడిన బహుమతుల నిచ్చెన తీసుకుందాం. చేతిలో 12,50,000 ఉన్నాయి. తర్వాతి ప్రశ్న 25,00,000కు. తప్పు చెప్తే 3,20,000కు పడిపోతాడు. గెలిస్తే వచ్చేది 12,50,000, ఓడితే పోయేది 9,30,000. సగటు మీద లాభం రావాలంటే జవాబు మీద కనీసం 43 శాతం నమ్మకం ఉండాలి. చేతిలో 50,00,000 ఉండి కోటి ప్రశ్నకు వెళ్తే అది 48 శాతానికి పెరుగుతుంది. ఫిఫ్టీ ఫిఫ్టీ తర్వాత రెండే ఆప్షన్లు మిగిలి, రెండూ సమానంగా తోస్తే, కాగితం మీద ఆడటమే కాస్త లాభం.

కోటి దగ్గర నిలబడి ఏడు కోట్ల ప్రశ్న చూసేవాడికి లెక్క ఇంకా వింత. 14 శాతం నమ్మకం ఉంటే చాలు. అంటే కళ్లు మూసుకుని నాలుగింటిలో ఒకటి నొక్కినా, సగటు లెక్క ఆడమనే అంటుంది. అయినా అక్కడికి వచ్చినవాళ్లు దాదాపుగా ఆగిపోతారు. వాళ్లకు లెక్కలు రాక కాదు. సగటు అనేది వందసార్లు ఆడేవాడికి. అతను ఆడేది ఒక్కసారే. కోటి పోయి 3,20,000 మిగలడం అంటే, ఇంటి అప్పు తీరడానికీ తీరకపోవడానికీ మధ్య తేడా. లక్షాధికారి పిల్లాడికీ, నెలజీతగాడికీ ఒకే ప్రశ్న ఒకే ధరకు పడినా, పందెం ఒకటి కాదు. సెలబ్రిటీలు వచ్చి చకచకా ఆడే ఎపిసోడ్లు హుషారుగా ఉండటానికి కూడా ఇదే కారణం. పోతే వాళ్ల ఇంట్లోది పోదు. ఆ ఎపిసోడ్ల వేగాన్ని మామూలు కంటెస్టెంట్ దగ్గర ఆశించడం మాత్రం దబాయింపే.

## క్విజ్ చేసేవాళ్ల దగ్గర మందు లేకపోలేదు

విశాఖలో కాలేజీ ఫెస్టుల్లో క్విజ్‌లు ఆడినవాళ్లకు ఈ చర్చ అంతా కాస్త నవ్వు తెప్పిస్తుంది, ఎందుకంటే వాళ్లు ఈ గొడవను ఎప్పుడో పరిష్కరించుకున్నారు. పాత పద్ధతిలో ప్రశ్న మూడో టీముకు వెళ్తే, తెలియకపోతే నాలుగో టీముకు పాస్ అయ్యేది. తర్వాతి ప్రశ్న ఎలాగూ నాలుగో టీముదే. పక్కన బలహీనమైన టీము ఉన్నవాళ్లకు పంట పండినట్టే, తమ ప్రశ్న ఒకటి, పాస్ అయి వచ్చింది ఇంకొకటి. ఎక్కడ కూర్చున్నామన్న దాన్నిబట్టి కప్పు చేతులు మారేది. దీనికి విరుగుడుగా ఇన్ఫినిట్ బౌన్స్ వచ్చింది. ఇందులో జవాబు చెప్పిన టీము పక్కనుంచే తర్వాతి ప్రశ్న మొదలవుతుంది. సగం ప్రశ్నలు కుడివైపుగా, సగం ఎడమవైపుగా తిప్పుతారు. దానికి తోడు పౌన్స్. వంతు రాకపోయినా, గట్టి నమ్మకం ఉన్న టీము ముందే చీటీ మీద రాసి ఇవ్వొచ్చు. కరెక్టయితే మార్కులు, తప్పైతే కోత.

న్యాయం వైపు నుంచి చూస్తే టీవీలో వచ్చే ఏ షో కంటే కూడా ఇది మెరుగు. కానీ ప్రతి ప్రశ్నకూ చీటీలు ఏరి, చూసి, ఆ తర్వాత బౌన్స్ మొదలుపెట్టాలి. హాల్లో కూర్చుని ఆడేవాళ్లకు అది ఉత్కంఠ, సోఫాలో కూర్చున్నవాళ్లకు శిక్ష. టీవీవాళ్లు దీన్ని తెలియక వదిలేశారనుకోవడం అమాయకత్వం.

## అసలు వడపోత తెర మీద కనబడదు

అభిమానుల వాదనలన్నీ హాట్ సీట్ చుట్టూ తిరుగుతాయి గానీ, ఎక్కువమంది ఓడిపోయేది అక్కడికి రాకముందే. రిజిస్ట్రేషన్ ప్రశ్న, ఆ తర్వాత కంప్యూటర్ ఎంపిక, ఫోన్లో మరికొన్ని ప్రశ్నలు, ఆడిషన్. మొదటి మెట్టులో వచ్చే ప్రశ్న చాలా తేలిగ్గా ఉంటుంది, దాదాపు అందరూ సరైన జవాబే పంపుతారు. కాబట్టి ఆ మెట్టు దాటించేది జ్ఞానం కాదు, చీటీల పద్ధతే. తెలివైనవాళ్లను వదిలేసి ఎవరినో తెస్తున్నారు అనే ఫిర్యాదుకు సగం జవాబు ఇక్కడ ఉంది. మిగతా సగం ఆడిషన్‌లో. అక్కడ బాగా మాట్లాడేవాళ్లకు, చెప్పుకోదగ్గ కథ ఉన్నవాళ్లకు మొగ్గు ఉంటుందన్నది చూసేవాళ్లందరికీ అనుభవంలో ఉన్నదే. పైన చెప్పిన ఏవీకి ముడిసరుకు అక్కడే దొరుకుతుంది మరి.

ఇంట్లోవాళ్లను ఆటలోకి లాగే ప్రయత్నాల మీద కోర్టు కేసు కూడా నడిచింది. 2007లో హిందీ షో నడుస్తుండగా ప్రేక్షకులకు ఎస్సెమ్మెస్ పోటీ పెట్టారు. మామూలు మెసేజ్ కంటే ఎక్కువ ఛార్జీ, లక్కీగా ఎంపికైనవారికి బహుమతి. ఆ బహుమతి డబ్బు జనం పంపిన మెసేజ్‌ల నుంచే వస్తోందని, అది అనుచిత వ్యాపార పద్ధతి అని ఒక వినియోగదారుల సంఘం ఫిర్యాదు చేసింది. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఛానల్ మీదా టెలికాం కంపెనీ మీదా కోటి రూపాయల జరిమానా వేసింది. తర్వాత సుప్రీంకోర్టు, ఆరోపణకు తగిన ఆధారం లేదంటూ దాన్ని కొట్టేసింది.

ఇప్పుడు ఎస్సెమ్మెస్ పోయి యాప్ వచ్చింది. హిందీ షోలో తెర మీద ప్రశ్న పడగానే ఫోన్లో కూడా పడుతుంది. ఇంట్లోవాళ్లు కూడా గడువులోపే నొక్కాలి. దీనివల్ల ఒక మార్పు వచ్చింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య హోస్ట్ ఎక్కువసేపు తిరగడానికి వీల్లేదు, ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఊరుకోరు. అందుకని కబుర్లన్నీ ఒక ప్రశ్న ముగిశాక, ఇంకోటి మొదలయ్యేలోపు సర్దుకుంటున్నారు. ఫోన్‌తో ఆడేవాడికి షో వేగం పెరిగినట్టుంది. ఫోన్ పక్కన పెట్టి పప్పన్నం కలుపుకుంటూ చూసేవాడికి ప్రశ్నల మధ్య ఎడం పెరిగినట్టుంది. ఇద్దరూ చూస్తున్నది ఒకే ఎపిసోడ్, ఇద్దరి ఫిర్యాదూ నిజమే.